పారేయని పాత దస్తావేజు

తెలుగు క్రైస్తవుల ఇళ్లలో తరతరాలుగా చదువుతున్న గ్రాంథిక బైబిలులో, హెబ్రీయులకు రాసిన పత్రిక తొమ్మిదో అధ్యాయం దగ్గర ఒక చిన్న తిరకాసు ఉంది. పదిహేనో వచనంలో క్రీస్తు కొత్త నిబంధనకు మధ్యవర్తి. పదహారో వచనానికి వచ్చేసరికి నిబంధన మాయమై మరణశాసనం ప్రత్యక్షమవుతుంది. అంటే వీలునామా, రాసినవాడు పోతేగానీ చెల్లని కాగితం. గ్రీకు మూలంలో రెండుచోట్లా ఉన్నది ఒకటే మాట, దియాథేకే. ఆ మాటకు రెండర్థాలూ ఉన్నాయి కాబట్టి పత్రిక రాసినాయన ఒకదాని మీంచి మరోదాని మీదికి ఇట్టే దాటేశాడు. తెలుగులో ఆ రెంటినీ మోసే మాట లేదు. అందుకే అనువాదకులు రెండు మాటలు వాడి, గ్రీకులో కనిపించని అతుకును బయటపెట్టారు. హెబ్రీలో అసలు మాట బెరీత్; ప్రమాణంతోనో రక్తంతోనో బిగించిన ఒడంబడిక. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా యూదులు తమ ధర్మశాస్త్రాన్ని గ్రీకులోకి తిప్పడం మొదలుపెట్టినప్పుడు, సమానులు కూర్చుని చేసుకునే ఒప్పందానికి వాడే సింథేకే అనే మాటను పక్కన పెట్టి దియాథేకే ఎంచుకున్నారు. దేవుడు బేరం ఆడడు, తాను ఇవ్వదలచినది ఇస్తాడు అన్న భావం అందులో ఉంది. లాటిన్ క్రైస్తవులు దాన్ని టెస్టమెంటుమ్ అన్నారు, అచ్చంగా వీలునామా. 4వ శతాబ్దం చివర జెరోమ్ నేరుగా హెబ్రీ నుంచి అనువదిస్తూ బెరీత్‌కు ఒడంబడిక అర్థమిచ్చే వేరే లాటిన్ మాటలు వాడాడు గానీ, అప్పటికే పుస్తకం పేరు స్థిరపడిపోయింది. ఐరోపా భాషలు చాలావరకు నేటికీ బైబిలు రెండు భాగాలనూ వీలునామాలనే పిలుస్తున్నాయి. తెలుగు మాత్రం నిబంధన అని, తెలిసో తెలియకో, హెబ్రీ అర్థానికే తిరిగి వెళ్లింది.

అయితే మాటలు ఒకచోట నిలవవు. ఇవాళ చర్చి గడప దాటితే నిబంధన అంటే రూలు. రోడ్డు భద్రతా నిబంధనలు, పరీక్షా నిబంధనలు. ఆ చెవితో వింటే పాత నిబంధన, కొత్త నిబంధన అన్న జంట పేర్లు పాత జీవో రద్దయి కొత్త జీవో వచ్చిందన్నట్టే వినిపిస్తాయి. చర్చి లోపల కూడా ఈ ధోరణి తక్కువేమీ కాదు. నచ్చని వచనం ఎదురైతే అది పాత నిబంధన కాలానిది అనేసి పేజీ తిప్పేయడం చాలామందికి అలవాటే. పాత అన్న విశేషణాన్ని కాలం చెల్లిన అని చదవడం ఇది. ఆ విశేషణం స్థిరపడిన సందర్భం దీనికి పూర్తిగా ఎదురుగా ఉందని నా వాదన. క్రీ.శ. 2వ శతాబ్దంలో ఆ గ్రంథాన్ని అవతల పారేయాలని ఒకాయన గట్టిగా పట్టుబట్టాడు. పారేయడానికి వీల్లేదని తెగేసి చెప్పినవాళ్లే దానికి పాత అన్న పేరు ఖాయం చేశారు. భూమి కొన్నవాడు తన పేరిట రిజిస్టరైన కాగితంతోపాటు లింకు డాక్యుమెంట్లు కూడా బీరువాలో భద్రంగా పెట్టుకుంటాడు. వాటిలో అతని పేరు ఎక్కడా ఉండదు. అయినా అవి లేకపోతే బ్యాంకు అప్పివ్వదు, రేపు కొనేవాడు ముందుకు రాడు. సంఘం పాత నిబంధనను దాచుకున్నది అలా. ఆ దాచుకున్న తీరులోనే దాని గొప్పా ఉంది, దాని తప్పూ ఉంది.

ముందుగా, ఆ తగాదాకు పూర్వం కొత్త నిబంధన అంటే ఏమిటో చూడాలి. ఆ మాట పుట్టింది సువార్తల్లో కాదు, యిర్మీయా గ్రంథం 31వ అధ్యాయంలో. బబులోను సేనల చేతిలో యెరూషలేము కూలిన కాలపు ప్రవక్త ఆయన, క్రీ.పూ. 587 ప్రాంతం. దేవుడు ఇశ్రాయేలు వంశంతో, యూదా వంశంతో కొత్త నిబంధన చేస్తాడని, ధర్మశాస్త్రాన్ని ఈసారి హృదయాల మీద రాస్తాడని అక్కడ ఉంది. రెండు సంగతులు గమనించాలి. కొత్త నిబంధన ఎవరితో అంటే పాతవాళ్లతోనే. రాసేది ఏమిటంటే పాత ధర్మశాస్త్రాన్నే. మారేది రాసే చోటు. యూదుల్లోనే మరికొందరు ఈ మాటను ఇలాగే పట్టుకున్నారని చెప్పే సాక్ష్యం ఒకటి దొరికింది. సాలొమోన్ షెక్టర్ కైరోలోని ఒక పాత సమాజమందిరపు కాగితాల గుట్టలోంచి తెచ్చి 1910లో ప్రచురించిన దమస్కు పత్రం అది. దాని ప్రతులే తర్వాత మృతసముద్రం దగ్గర కుమ్రాన్ గుహల్లోనూ బయటపడ్డాయి. దమస్కు దేశంలో కొత్త నిబంధనలో చేరినవాళ్ల గురించి ఆ పత్రం మాట్లాడుతుంది. వాళ్లు మోషే ధర్మశాస్త్రాన్ని వదిలినవాళ్లు కారు సరికదా, విశ్రాంతిదినాన ఏం చేయకూడదో యెరూషలేము యాజకుల కంటే కఠినంగా లెక్కలు కట్టినవాళ్లు. కాబట్టి 1వ శతాబ్దపు యూదుడికి కొత్త నిబంధన అంటే మతం మారడం కాదు. పాతదాన్ని ఈసారైనా సరిగా పాటించడం.

యేసు చివరి రాత్రి గిన్నె చేతబట్టి నిబంధన రక్తం గురించి చెప్పినట్టు మార్కు, మత్తయి రాశారు. కొత్త నిబంధన అన్న మాటతో లూకా, పౌలు రాశారు. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి ఉత్తరం 50వ దశకం మధ్యది కాబట్టి, ఆ మాటకు మనకున్న తొలి క్రైస్తవ రాత అదే. నిర్గమకాండం 24వ అధ్యాయంలో మోషే జనం మీద చిలకరించిన రక్తాన్ని తలుచుకోకుండా ఆ మాట అర్థం కాదు. కొరింథీయులకే రాసిన రెండో ఉత్తరం మూడో అధ్యాయంలో, పాత నిబంధనను చదవడం గురించి పౌలు ప్రస్తావిస్తాడు. పాత నిబంధన అంటే చదివే వస్తువు అన్న అర్థం కొత్త నిబంధన మొత్తంలో కనిపించేది అక్కడొక్కచోటే. అప్పటికి కొత్త నిబంధన పేరుతో చదివేందుకు పుస్తకమేదీ లేదు. ఆ చదివేవాళ్ల హృదయాల మీద ముసుగుందని విసుక్కుంటున్న ఆ ఉత్తరమే రేపు అందులో చేరబోతోందని పౌలుకు తెలియదు.

ఇక్కడ తొలి అభ్యంతరం ఎదురొస్తుంది, బలమైనదే. హెబ్రీయులకు రాసిన పత్రిక ఎనిమిదో అధ్యాయం చివర, కొత్తది అన్నాడంటే మొదటిదాన్ని పాతదిగా చేశాడనీ, పాతబడి ఉడిగిపోయేది అంతరించడానికి దగ్గరగా ఉందనీ తేల్చేస్తుంది. మరి పాత అంటే కాలం చెల్లినది కాదని ఎలా అనగలం? ఆ పత్రిక మాట మెత్తబరచడానికి ప్రయత్నించడం దండగ. అది అలాగే ఉంది. అయితే ఆ రచయిత దేని గురించి అంటున్నాడో చూడాలి. ఆయన గొడవంతా యాజకత్వం గురించి, గుడారం గురించి, ఏటేటా చేసే బలుల గురించి. అంతరించబోయేది ఆ కర్మకాండ. గ్రంథం అంతరించాలని ఆయన అనలేదు. అనలేడు కూడా, ఎందుకంటే ఆ తీర్పు చెప్పడానికి ముందు ఆయన యిర్మీయా మాటలను పొడుగ్గా ఎత్తి రాశాడు. కొత్త నిబంధన గ్రంథాలన్నిట్లోకీ అదే అతి పొడవైన ఉల్లేఖన. పాతది పాతబడిందని నిరూపించడానికి ఆయన దగ్గరున్న ఏకైక సాక్షి ఆ పాతదే. సాక్షిని కొట్టేస్తే కేసు నిలవదు. ఈ చిక్కుముడే మున్ముందు మొత్తం క్రైస్తవ చరిత్ర మెడకు చుట్టుకుంది.

70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని కాల్చేశారు. 132 నుంచి 135 దాకా యూదుల బార్ కోఖ్బా తిరుగుబాటు నడిచి, అణగారి, చివరికి యూదులు యెరూషలేములో అడుగుపెట్టకూడదన్న హేడ్రియన్ చక్రవర్తి నిషేధంతో ముగిసింది. అప్పటికి సంఘాల్లో అన్యజనుల నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. సామ్రాజ్యమంతటా అనుమానం పాలైన ఒక జాతి గ్రంథాన్ని ఆ జాతికి చెందనివాళ్లు ఎందుకు మోయాలి? సున్నతి లేదు, విశ్రాంతిదినం లేదు, ఆహార నియమాలు లేవు. మిగిలింది పుస్తకమొక్కటే. దానికి జవాబు రోమన్ల మనస్తత్వంలో కొంత దొరుకుతుంది. వాళ్లకు కొత్త మతమంటే ఏవగింపు. నీరో కాలపు క్రైస్తవులను గురించి రాస్తూ రోమన్ రచయిత సూటోనియస్ వాళ్లది కొత్తదీ, హానికరమైనదీ అయిన మూఢవిశ్వాసమన్నాడు. ఆ రెండు విశేషణాల్లో మొదటిది కూడా తిట్టే. యూదులంటే గిట్టని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ సైతం, వాళ్ల ఆచారాలు ఎలా మొదలైనా వాటి ప్రాచీనతే వాటికి రక్షణ అని ఒప్పుకున్నాడు. అంటే రోమన్ల కచేరీలో నిలబడాలంటే పాత కాగితం కావాలి. క్రైస్తవుల దగ్గర ఉన్న పాత కాగితం యూదులది.

సరిగ్గా ఈ సమయంలో నల్లసముద్రపు ఒడ్డున పొంతు దేశంలోని సినోపే రేవు నుంచి మార్కియోన్ అనే ఓడల యజమాని రోమ్ చేరాడు. రోమ్ సంఘానికి 2,00,000 సెస్టర్సుల విరాళమిచ్చాడు. 144లో సంఘం ఆయన్ని వెలివేసింది, డబ్బు తిరిగి ఇచ్చేసింది. మతభేదాల చరిత్రలో విరాళం వాపసు చేసిన సందర్భాలు అరుదు కాబట్టి ఇది చెప్పుకోదగ్గ విషయమే. ఆయన రాసిన పుస్తకమేదీ మిగల్లేదు. మనకు తెలిసిందంతా ఆయన్ని తిట్టినవాళ్ల రాతల నుంచే. వాటిలో కనిపించే బోధ సూటిగా ఉంటుంది. లోకాన్ని సృష్టించి, ధర్మశాస్త్రమిచ్చి, కంటికి కన్ను అన్నవాడు ఒక దేవుడు. న్యాయమైనవాడే, కానీ కఠినుడు. యేసు వెల్లడించిన తండ్రి వేరు. ఆయన కేవలం మంచివాడు, అంతవరకు ఈ లోకానికి అపరిచితుడు. విరుద్ధాలు అన్న అర్థమిచ్చే పేరుతో మార్కియోన్ రాసిన పుస్తకంలో రెంటినీ ఎదురెదురుగా పెట్టాడు. ప్రవక్త ఎలీషాను వెక్కిరించిన పిల్లల మీదికి ఎలుగుబంట్లను రప్పించినవాడు ఒకడు. చిన్నపిల్లలను నా దగ్గరికి రానివ్వండి అన్నవాడు మరొకడు. ఏదెనులో ఆదామును నువ్వెక్కడున్నావని అడగాల్సి వచ్చినవాడు సర్వజ్ఞుడెలా అవుతాడు? కొత్త ద్రాక్షారసం పాత తిత్తుల్లో పోయరన్న లూకా సువార్త సామెత అంటే ఆయనకు ప్రాణం. దానికి అర్థమేమిటని రోమ్ పెద్దలను నిలదీశాడని 4వ శతాబ్దపు ఎపిఫానియస్ రాశాడు.

మార్కియోన్ పాత గ్రంథాన్ని మొత్తం తీసేసి, దాని స్థానంలో ఒక సువార్తను, పౌలు ఉత్తరాలు పదింటిని పెట్టాడు. ఆ సువార్త లూకాను కత్తిరించి చేసిందని ఆయన ప్రత్యర్థులు మొత్తుకున్నారు. ఇవి మాత్రమే లేఖనమని గీత గీసిన తొలి క్రైస్తవ సంపుటం, మనకు తెలిసినంతలో, అదే. ఆయన్ని గురించి మామూలుగా చెప్పే మాట యూదుల గ్రంథాన్ని ద్వేషించాడని. నాకు కనిపించే సంగతి ఇంకోటి. ఆ గ్రంథాన్ని ఆయన ఉన్నదున్నట్టు చదివాడు. అన్యార్థాలు, నీడలు, సూచనలు వెతకడానికి ఒప్పుకోలేదు. సృష్టికర్త తన ప్రజలకు ఒక మెస్సీయను వాగ్దానం చేశాడు, ఆయన ఇంకా రాలేదు, వచ్చినప్పుడు యూదుల రాజ్యాన్ని నిలబెడతాడు అని ఒప్పుకున్నాడు. అంటే యూదుల పుస్తకం యూదులదే, వాళ్ల నిరీక్షణ వాళ్లదే. మాకు అక్కర్లేదు, అంతే. ఈ బోధ ఒక మూల ముడుచుకుపోయింది కాదు. దమస్కుకు దక్షిణాన దేర్ అలీ దగ్గర 318-319 నాటి శాసనం ఒకటి దొరికింది. లెబాబ గ్రామపు మార్కియోనీయుల సమాజమందిరమని దాని మీద ఉంది. తేదీ వేసిన క్రైస్తవ ఆలయ శాసనాల్లో అంతకంటే పాతది మనకు తెలియదు. 5వ శతాబ్దంలో కూడా సిరియా బిషప్పు థియోడోరెట్ మార్కియోనీయుల ఊళ్లకు ఊళ్లను తమవైపు తిప్పుకున్నానని చెప్పుకున్నాడు. మూడు వందల ఏళ్లు పాత నిబంధన లేకుండానే ఒక క్రైస్తవ సంఘం బతికిందన్నమాట.

మిగిలినవాళ్లు ఎందుకు ఆ దారి పట్టలేదు? 150, 160 మధ్య రోమ్‌లో రాసిన క్రైస్తవ బోధకుడు జస్టిన్ సంగతి చూద్దాం. సమరయ ప్రాంతపు నియాపోలిస్, అంటే నేటి నాబ్లుస్‌లో పుట్టినవాడు. మార్కియోన్ ఇంకా బతికే ఉండి బోధిస్తున్నాడని తన విజ్ఞాపనలో ఫిర్యాదు చేశాడు. ట్రైఫో అనే యూదుడితో సంభాషణగా ఆయన పెద్ద పుస్తకం రాశాడు. అందులో ట్రైఫో అడిగే ప్రశ్న పుస్తకం మొత్తానికి ఆయువుపట్టు: మీరు దేవుణ్ని నమ్ముతామంటారు, ఆయన ఆజ్ఞలు పాటించరు, విశ్రాంతిదినం లేదు, సున్నతి లేదు, ఇక అన్యులకూ మీకూ తేడా ఏమిటి? నాకైతే ఇది నేటికీ జవాబు పూర్తికాని ప్రశ్నగానే కనిపిస్తుంది. జస్టిన్ జవాబు రెండు అంచుల కత్తి. ఒకవైపు ఈ లేఖనాలు ఇక మీవి కావు, మావి అంటాడు. మరోవైపు సున్నతిని గురించి, యెరూషలేములో ప్రవేశం లేకుండా చేసేందుకు మిమ్మల్ని గుర్తుపట్టడానికి ఇచ్చిన ముద్ర అది అంటాడు. హేడ్రియన్ నిషేధాన్ని అబ్రాహాము నిబంధనలోకి తోసేస్తాడు. గ్రంథాన్ని కాపాడటానికి దాని హక్కుదారుణ్ని బయటికి గెంటడం ఇక్కడ కళ్లెదుటే జరుగుతుంది. దాదాపు అదే కాలపు బర్నబా పత్రిక ఇంకా ముందుకు వెళ్లింది. మోషే కొండ దిగి పలకలు పగలగొట్టినప్పుడే యూదుల నిబంధన పోయిందనీ, అది మొదట్నుంచీ మనదేననీ దాని వాదం.

పాత నిబంధన పుస్తకాలు అన్న పేరు ఒక జాబితా శీర్షికగా మనకు మొదట కనిపించేది 170 ప్రాంతంలో, సార్దీస్ బిషప్పు మెలితో ఉత్తరంలో. ప్రకటన గ్రంథంలోని ఏడు సంఘాల్లో ఒకటైన సార్దీస్ అది. పాత పుస్తకాల సంఖ్య ఎంత, వరస ఏమిటో కచ్చితంగా చెప్పమని ఒనేసిము అనే సహోదరుడు అడిగితే, మెలితో తూర్పు దేశానికి, ఆ సంగతులు జరిగిన చోటికే వెళ్లి కనుక్కుని వచ్చి రాశాడు. ఎస్తేరు గ్రంథం ఆ జాబితాలో లేదు. ఈ ఉత్తరాన్ని యూసేబియస్ తన సంఘ చరిత్రలో భద్రపరిచాడు. దస్తావేజుల నకళ్ల కోసం సబ్ రిజిస్ట్రారు ఆఫీసు చుట్టూ తిరిగినట్టే ఉంది మెలితో యాత్ర. తన ఊళ్లోనే యూదులు ఉండగా పాలస్తీనా దాకా పోయాడంటే ఇరుగుపొరుగుతో మాటలు ఎంతగా ఆగిపోయాయో ఊహించవచ్చు. అదే మెలితో పస్కా పండుగకు చేసిన ప్రసంగం ఒక పాపిరస్ ప్రతి నుంచి 1940లో అచ్చయింది. శిల్పి ముందుగా మైనంతోనో మట్టితోనో కర్రతోనో నమూనా చేసుకుంటాడు, అసలు విగ్రహం తయారయ్యాక నమూనాతో పని తీరిపోతుంది అన్న పోలిక అందులో ఉంది. ఇశ్రాయేలు నమూనా, సంఘం విగ్రహం. ఆ వెంటనే ఇశ్రాయేలు మీద దైవహత్య నేరం మోపే భయంకరమైన భాగం వస్తుంది. గ్రంథాన్ని అక్షరం పోకుండా దాచుకోవాలన్న తపన, ఆ గ్రంథం పుట్టిన జాతి మీద విషం ఒకే మనిషిలో కాపురం చేశాయి.

కార్తేజిలో క్రైస్తవ రచయిత టెర్టూలియన్ 3వ శతాబ్దం మొదటి దశకంలో మార్కియోన్ మీద అయిదు పుస్తకాలు రాశాడు. వకీలు భాష ఆయనది. నిబంధన అన్న మాట దగ్గర టెస్టమెంటుమ్ అనాలా, ఇన్‌స్ట్రుమెంటుమ్ అనాలా అని ఆయన తటపటాయించడం కనిపిస్తుంది. రెండో మాటకు రోమన్ న్యాయస్థానాల్లో అర్థం రుజువుగా దాఖలు చేసే దస్తావేజు అని. నేను పైన చెప్పిన లింకు డాక్యుమెంటు పోలికను కొంతవరకు ఆయన దగ్గరే అప్పు తెచ్చుకున్నాను. తన మరో పుస్తకంలో ఆయన మోషే గ్రీకు జ్ఞానులందరికంటే పాతవాడని రోమన్లకు లెక్కలు చూపించి, ప్రాచీనతే మా లేఖనాలకు అధికారమిస్తోందన్నాడు. ఇంకో రెండు పేజీల తర్వాత తనమీద రాబోయే ఎత్తిపొడుపును తానే చెప్పేశాడు: ప్రసిద్ధి చెందిన, చట్టం ఒప్పుకున్న ఒక మతం గొడుగు కింద ఈ కొత్తవాళ్లు తలదాచుకుంటున్నారని మీరనొచ్చు అని. దాన్ని ఖండించాడు గానీ, అలా అనుకునేవాళ్లున్నారని ఒప్పుకున్నట్టేగా. లియోన్ బిషప్పు ఇరేనియస్ 180 ప్రాంతంలో ఇదే సంగతిని మరింత పెద్దమనసుతో చెప్పాడు. తన కొట్లోంచి కొత్తవీ పాతవీ బయటికి తీసే మత్తయి సువార్తలోని ఇంటి యజమానిని చూపించి, యజమాని ఒక్కడే, కొట్టు ఒకటే అన్నాడు. నిబంధనలు రెండు కాదు, నాలుగని లెక్కపెట్టి, దేవుడు మనుషులను మెట్టు మెట్టుగా పెంచాడన్నాడు. ఆ కాలపు వాదాల్లో నాకు ఎక్కువగా నచ్చేది ఇదే. ఇందులో పాత అంటే ముందుగా ఇచ్చినది, అంతే.

దీనికి ఒక ఆక్షేపణ వస్తుంది: మార్కియోన్ రాకముందే సంఘాలు ఆదివారాల్లో ప్రవక్తలను చదువుతున్నాయి, సువార్తల్లో పుటపుటకూ పాత లేఖనాలే, మరి ఉంచుకోవడమనేది తగాదాలో పుట్టిన నిర్ణయమెలా అవుతుంది? నిజమే, అలవాటు ముందునుంచీ ఉంది. కానీ అలవాటు వేరు, కారణం చెప్పుకోవడం వేరు. తాతల నాటి నుంచి అనుభవిస్తున్న పొలానికి ఎవరూ కాగితాలు వెతకరు. ఎవడో దావా వేసినరోజే పెట్టెలు తెరుస్తారు. మార్కియోన్ దావా వేశాడు. అప్పుడే మెలితో జాబితా కోసం తిరిగాడు, ఇరేనియస్ నాలుగు సువార్తలే ఎందుకో వాదించాడు, టెర్టూలియన్ మాటలు తూచాడు. పాత, కొత్త అన్న జంట ఒకే గ్రంథం రెండు భాగాలకు పేరుగా స్థిరపడింది ఆ యాభై అరవై ఏళ్లలోనే. అట్టల మధ్య దాని అమరిక కూడా అదే కథ చెబుతుంది. యూదుల అమరికలో ఆ గ్రంథం సాధారణంగా దినవృత్తాంతాలతో ముగుస్తుంది. యెరూషలేముకు వెళ్లండని కోరెషు రాజు ఇచ్చిన అనుమతి చివరి మాట. మన తెలుగు బైబిలులో పాత నిబంధన ముప్పైతొమ్మిది పుస్తకాలు మలాకీతో ఆగుతాయి; ఏలీయా వస్తాడన్న వాగ్దానం చివర, పేజీ తిప్పితే మత్తయి. పుస్తకాలు దాదాపు అవే, వాటిని పేర్చిన తీరులో మాత్రం చివరి పుట ఒకచోట సొంత ఊరికి దారి చూపుతుంది, మరోచోట ఇంకో పుస్తకానికి.

ఇక ఉంచుకున్నదేమిటి, పాటించిందేమిటి అన్నది వేరే లెక్క. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ ధర్మశాస్త్రాన్ని నీతి, కర్మకాండ, న్యాయపాలన అని మూడుగా విడదీసి మొదటిది మాత్రమే అందరికీ వర్తిస్తుందన్నాడు. వినడానికి చక్కగా ఉంది. మోషే రాతల్లో ఆ గీతలు మాత్రం ఎక్కడా లేవు. పొరుగువాణ్ని ప్రేమించమన్న వాక్యానికి మరుసటి వచనంలోనే రెండు రకాల నూలు కలిపిన బట్ట వేసుకోవద్దని ఉంటుంది. 16వ శతాబ్దంలో కాల్విన్ రెండు నిబంధనల సారం ఒకటే, నడిపిన తీరు వేరన్నాడు. ఇథియోపియా సంఘం ఈ లెక్కలేవీ పెట్టుకోకుండా సున్నతినీ కొన్ని ఆహార నియమాలనూ కొనసాగించింది. 1450లో జరా యాకోబ్ రాజు ఎదుట జరిగిన దెబ్రె మిత్మాక్ సభలో శనివారం, ఆదివారం రెంటినీ పాటించాలని తీర్మానించుకుంది. పంది మాంసం గురించిన ఆజ్ఞ పాతదైపోయి, మలాకీలోని దశమభాగం మాత్రం ప్రతి ఆదివారం కొత్తగా వినిపించే మన ప్రాంతపు చర్చిలు కూడా ఈ లెక్కలోవే. ఏది ఉంచాలో ఎవరు నిర్ణయిస్తారన్నది నిబంధనల వాదంలో కంటే అధికారపు వాదంలో తేలే విషయం.

దస్తావేజు దాచుకుని హక్కుదారుణ్ని పక్కన పెట్టడం 5వ శతాబ్దంలో అగస్టీన్ చేతిలో ఒక సిద్ధాంతమైంది. యూదులు చెదిరిపోయి దేశదేశాల్లో బతుకుతున్నది మన లేఖనాలకు సాక్షులుగా, మన పుస్తకాలు మోసేవాళ్లుగా అని ఆయన వివరణ. ప్రవచనాలు మనం కల్పించుకున్నవి కావని అన్యులకు రుజువు చేయాలంటే, మనల్ని ఒప్పుకోని వాళ్ల దగ్గర కూడా అదే పుస్తకం ఉండాలి కదా. వాళ్లను చంపకూడదనడానికి ఇది కారణమైంది, దానికి విలువ లేకపోలేదు. కానీ వాళ్లను తమ పుస్తకానికే కూలీలుగా చేసింది. ఇక్కడ మార్కియోన్ వైపు నుంచి ఒకరు అడగవచ్చు: యూదులకు యూదుల పుస్తకాన్ని వదిలేసిన ఆయన దారే మానవీయంగా లేదా? మాట వరకు అలాగే కనిపిస్తుంది. 1921లో జర్మన్ చరిత్రకారుడు అడాల్ఫ్ ఫాన్ హార్నాక్ మార్కియోన్ మీద పెద్ద పుస్తకం వెలువరిస్తూ, 2వ శతాబ్దంలో సంఘం పాత నిబంధనను వదలకపోవడం సబబేననీ, 19వ శతాబ్దం తర్వాత కూడా ప్రొటెస్టెంట్లు దాన్ని ప్రామాణిక లేఖనంగా అట్టిపెట్టుకోవడం చచ్చుబడినతనమనీ తీర్పిచ్చాడు. ఆయన నాజీ కాడు, 1930లోనే పోయాడు. కానీ 1933 నవంబరు 13న బెర్లిన్ క్రీడాభవనంలో దాదాపు 20,000 మంది ముందు నాజీ అనుకూల ప్రొటెస్టెంట్ల నాయకుడు రైన్‌హోల్డ్ క్రౌస్ పాత నిబంధనను వదిలించుకోవాలని కేకలు వేసినప్పుడు, అది యూదులకు వాళ్ల పుస్తకం వాపసు ఇచ్చే ఔదార్యం కాదు. 1939లో ఐసెనాక్‌లో క్రైస్తవంలోంచి యూదు ప్రభావాన్ని తుడిచేయడానికే ఒక సంస్థ వెలిసి, మరుసటి ఏడాది యూదు జాడలు చెరిపిన కొత్త నిబంధనను అచ్చేసింది. లింకు తెంపితే కొత్త కాగితం కూడా మిగలదని అప్పుడు తేలింది. ఆ సంపుటంలో యేసు ఎక్కడివాడో చెప్పడమే కష్టమైపోయింది.

క్రౌస్ కేకలు వేసిన 1933లోనే, క్రిస్మస్ ముందు వారాల్లో మ్యూనిక్ కార్డినల్ ఫౌల్‌హాబర్ పాత నిబంధనను సమర్థిస్తూ ప్రసంగాలు చేశాడు. చాలా ధైర్యం కావలసిన పని. అయితే తాను మాట్లాడుతున్నది క్రీస్తుకు ముందటి ఇశ్రాయేలు గురించేననీ, నేటి యూదుల గురించి కాదనీ ఆయన జాగ్రత్తగా గీత గీశాడు. జస్టిన్ గీసిన గీతే అది. పద్దెనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా బీరువాలో కాగితం భద్రంగా ఉంది, వీధిలో మనిషికి రక్షణ లేదు.

నిజానికి ఆ గీత అక్కర్లేదని చెప్పే పాఠం సంఘం చేతిలో మొదట్నుంచీ ఉంది. రోమీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయంలో పౌలు అన్యజనులను అడవి ఒలీవ కొమ్మలన్నాడు; మంచి ఒలీవకు అంటుకట్టినవాళ్లు, వేరును మోసేవాళ్లు కారు, వాళ్లను మోస్తున్నది ఆ వేరు. దేవుడు తన పిలుపునూ వరాలనూ వెనక్కి తీసుకోడని కూడా అక్కడే ఉంది. అమ్మకం జరగని భూమికి కొనుగోలుదారు ఎవరు? పౌలు లెక్క ప్రకారం మొదటి హక్కుదారు ఇంకా హక్కుదారే. కొత్తవాడు వాటా పొందినవాడు. రెండో వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న వెలువరించిన నోస్త్రా ఆయెతాతే ప్రకటన ఆ ఒలీవ పోలికనే తిరిగి పట్టుకుంది. 1980 నవంబరులో జర్మనీలోని మైన్స్ నగరంలో యూదు ప్రతినిధులతో మాట్లాడుతూ రెండో జాన్ పాల్ పోపు, వాళ్లతో దేవుడు చేసిన పాత నిబంధన ఎన్నడూ రద్దు కాలేదన్నాడు. ఇది హెబ్రీయులకు రాసిన పత్రికను కొట్టేయడం కాదా అని సంప్రదాయవాదులు అడిగారు, అడుగుతూనే ఉన్నారు. వాళ్ల ప్రశ్నను తేలిగ్గా తీసేయడానికి లేదు. ఒకే సంపుటంలో రెండు గొంతులున్నాయి, ఇన్నాళ్లూ ఒకదాన్నే వింటూ వచ్చారు అన్నదే నేను చెప్పగలిగిన సమాధానం. 2015 డిసెంబరులో యూదులతో సంబంధాల వాటికన్ సంఘం ఈ విషయం మీదే ఒక దీర్ఘ పత్రం తెచ్చింది. యూదులతో నిబంధన చెక్కుచెదరలేదని ఒక పేరాలో ఉంది. రక్షణకు దారులు రెండు లేవు, క్రీస్తు ఒక్కడేనని మరో పేరాలో ఉంది. ఆ రెండూ ఎలా పొసగుతాయన్న చోట మాత్రం, అది మనిషి బుద్ధికి అందని దేవ రహస్యమని రాసి ఆ గడిని ఖాళీగా వదిలేశారు.